నూటికి ఆరు పాళ్ళ తొందర

నాలుగింటికి రమ్మంటే మూడింటికే వచ్చి, కారు గోడవారగా ఆపుకుని కూర్చున్నాను, ఈ సంగతి గానీ అన్నయ్యకి తెలిస్తే ఇంకేమైనా ఉందా, చూశావా నీ తొందర అంటాడు, అక్కడికి తనేదో గడియారం కడుపున పుట్టినట్టు. ఇరవై ఎనిమిదేళ్ళు సిటీ బస్సు నడిపాను. ఏ స్టాపుకీ అర నిమిషం ముందు చేరలేదు, ఎక్కడా అర నిమిషం ముందు కదల్లేదు. రిటైరైన రోజు డిపో మేనేజరు మైకు పట్టుకుని, ఈవిడ చేతిలో బస్సుకి ఒక్క గీత కూడా పడలేదు అని మెచ్చుకుంటే, వెనక వరసలోంచి మా కండక్టరు, బస్సు కదిలితే కదా సార్ గీత పడేది అన్నాడు, హాలంతా గొల్లుమంది, నేనూ నవ్వాను, నవ్వక ఏం చేస్తాను, నిజమే కదా. నా నిదానం మీద మా అమ్మాయి వేసిన జోకులే ఓ పుస్తకం అవుతాయి. ఆ నిదానం పుట్టుకతో వచ్చింది కాదని, ఇరవై రెండో ఏట ఒక క్యాసెట్ల షాపులో నిలబడి ఉండగా తగులుకున్న జబ్బని నేనెవరికీ చెప్పలేదు. ఎదురుగా ఉన్న హాలు ఒకప్పుడు చెప్పుల గోడౌనట, ఇప్పుడు పాటలవాళ్ళకి రిహార్సళ్ళకి ఇస్తున్నారు, ఇనప తలుపు మీద తెల్లకాగితం అంటించారు, కళ్ళజోడు పైకీ కిందకీ జరిపి చదివాను, నాలుగు గంటలకు తడి గొడుగులు అని ఉంది, అది మా బ్యాండు పేరు, నలభై ఏళ్ళ తర్వాత ఈ శనివారం మళ్ళీ కచేరీ. ఆ పేరు పక్కన 'పాత' అని గానీ 'ఒకప్పటి' అని గానీ లేదు, నిన్నో మొన్నో మొదలైన బ్యాండుకి రాసినట్టే రాశారు. అది చూసి కారులో ఒక్కదాన్నే సిగ్గు లేకుండా ఇకిలించాను.

ముగ్గురమే ఉండేవాళ్ళం. అన్నయ్య గిటారూ గొంతూ, నేను డ్రమ్స్, బేస్ గిటారుకి అన్నయ్య స్నేహితుడు, ఉలుకూ పలుకూ లేని మనిషి, మూగనోము అని పిలిచేవాళ్ళం, ఆ పేరు పెట్టినందుకు కూడా ఏమీ అనలేదు. నాన్న పరుపులు కుట్టేవాడు. ఆదివారం పనివాళ్ళు రారు కాబట్టి ఆదివారాలు ఆ షెడ్డు మాది, నాలుగు గోడలకీ పరుపులు ఆనించి ఉండేవి, ఎంత బాదినా చప్పుడు గుమ్మం దాటేది కాదు, ఆ ఒక్క వసతి వల్లే మేం రాక్ బ్యాండు అయ్యామేమో, నాన్న గనక గాజు సామాన్ల వ్యాపారం చేసి ఉంటే ఏ కుట్లో అల్లికలో నేర్చుకునేవాళ్ళం. డ్రమ్ము మీద ఒక్క దెబ్బ వేస్తే దూది నూగు లేచేది, పాట అయ్యేసరికి ముగ్గురి జుట్టూ నెరిసిపోయేది, వదిన, అప్పటికింకా వదిన కాలేదు, పక్కింటి పిల్ల, గుమ్మంలో నిలబడి ఓహో మీ ముసలితనం ఇలా ఉంటుందన్నమాట అనేది. ఇప్పుడు నిజంగానే నెరిసింది, ఆ నూగంత అందంగా ఏం లేదు. అన్నయ్య పాటలు రాసేవాడు, ప్రేమా గీమా కాదు, కారే కుళాయి మీద, అద్దె సైకిలు మీద, మూడో అంతస్తులో ఆగిపోయిన లిఫ్టు మీద. ఆ లిఫ్టు పాటలో, లిఫ్టు ఆగినా నేనాగను అనే మాట దగ్గర నేను నా చుట్టూ ఉన్న డ్రమ్ములన్నిటినీ ఒక్క చుట్టు చుట్టి వచ్చేదాన్ని, ఆ చుట్టు తిరుగుతున్నంతసేపూ నా ఒంట్లో ఎముకలుండేవి కావు, అంత సుఖం మళ్ళీ పురిటి మంచం మీద పిల్లని చేతిలో పెట్టినప్పుడు ఒక్కసారే కలిగింది, ఈ మాట మా ఆయనతో అంటే మరి పెళ్ళినాడు కలగలేదా అని రెండు రోజులు ముఖం మాడ్చుకున్నాడు.

వెనక ఏదో వ్యాను రివర్సు చేస్తున్నారు, కీ కీ కీ మని, ఆ కీకీల మధ్య ఖాళీలని నా వేళ్ళు స్టీరింగు మీద నింపేస్తున్నాయి, అలవాటుకొద్దీ ఆపేశాను, మళ్ళీ ఇప్పుడు ఆపడం దేనికి, వాయించుకోవే పిచ్చిదానా అనుకుని వాయించాను. ఇదంతా మూగనోము పుణ్యం. ఇల్లు మారుతుంటే అట్టపెట్టెలో మా క్యాసెట్టు దొరికిందట, ఎవరితోనూ ఒక్క మాట అనకుండా తీసుకెళ్ళి లైబ్రరీలో పాత టేపులు బాగుచేసే అమ్మాయి చేతిలో పెట్టాడు, ఆ అమ్మాయి దుమ్ము దులిపి లిఫ్టు పాటని నెట్‌లో పెట్టింది, ఎవరో ఒకావిడ ఆఫీసు లిఫ్టులో దానికి గెంతుతూ వీడియో తీసుకుంది, తర్వాత ఆస్పత్రి లిఫ్టులో నర్సులు గెంతారు, నిచ్చెనల మీద పెయింటర్లు గెంతారు, మూడు నెలల్లో ఊరంతా గెంతింది. మా అమ్మాయి ఫోను పట్టుకొచ్చి, అమ్మా ఇది విను, ఎనభైల్లోదట, ఆ డ్రమ్స్ వాయించేవాడెవడో గానీ వెనక కుక్కలు తరుముతున్నట్టు వాయిస్తున్నాడు అంది. నేను గిన్నె తుడుస్తున్నాను. తుడుస్తూనే ఉన్నాను. వాడు కాదే, నేను అన్నాను. అది నవ్వింది, నా ముఖం చూసి ఆపింది, ఫోను వైపు చూసింది, నా వైపు చూసింది, నువ్వా, రోడ్డు దాటడానికి పావుగంట పట్టే నువ్వా అంది. నాకు పొంగిపోవాలనిపించింది, సగం పొంగాను కూడా, కానీ లోపల పాత ముల్లు కలుక్కుమంది, చూశావా, దీనికి కూడా పరిగెత్తినట్టే వినిపిస్తోంది.

ఆ ముల్లు గుచ్చుకున్నది క్యాసెట్లకి కాపీలు తీసే షాపులో. షెడ్డులో రికార్డు చేసుకున్న టేపుని అక్కడి పెద్ద మిషన్‌లో వేసి మొదటిసారి విన్నాం, పాట మొదలవుతూనే ఎగిరి దూకింది, అన్నయ్య గొంతు సన్నగా కీచుమంటోంది, మీసం రాని పిల్లాడు పాడినట్టు. షాపాయన చెవి గోక్కుంటూ, డ్రమ్స్ కాస్త తొందరపడ్డట్టున్నాయండీ అన్నాడు, అంతే, అన్నయ్య నా వైపు తిరిగాడు. పరిగెత్తావు అన్నాడు. అందరి ముందూ. నిన్ను అందుకోలేక నా గొంతు ఎలా అయిందో చూడు అన్నాడు, గిటారు కూడా నీ కంగారుకే బిగుసుకుపోయిందన్నాడు, కోపంలో మనిషి ఏదైనా అంటాడు, చివరికి పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు అని సామెత కూడా ఒకటి తీసి నా నెత్తిన కొట్టాడు. నేను పరిగెత్తలేదు, ఒట్టు, పరిగెత్తలేదు అన్నాను, కానీ ఎదురుగా టేపు తిరుగుతోంది, చెవులారా వినపడుతోంది, నా మాట నాకే అబద్ధంలా ఉంది. మూగనోము నేల చూశాడు. మళ్ళీ రికార్డు చేసే ఓపిక ఎవరికీ లేక వంద కాపీలు అలాగే తీయించాం. ఆ తర్వాత మూడు చోట్ల వాయించాం, మూడు చోట్లా ప్రతి దెబ్బకీ ముందు ఇది తొందరా కాదా అని ఆలోచించాను, ఇప్పుడు ఏ కాలు వేయాలి అని ఆలోచిస్తూ మెట్లు దిగితే ఎవరైనా బోర్లా పడతారు, నేనూ పడ్డాను, నాలుగోసారి వెళ్ళలేదు. బ్యాండు అక్కడితో సరి. అన్నయ్యకీ నాకూ మాటల్లేకపోవడం లాంటిదేం లేదు, నలభై ఏళ్ళుగా పిల్లల చదువులూ అద్దె ఇళ్ళూ మోకాళ్ళ నొప్పులూ అన్నీ మాట్లాడుకున్నాం, ఒక్క పాటల ఊసు తప్ప. పొరపాటున ఎవరైనా ఆ ఊసు తెస్తే వదిన కాఫీ పెడతానని లేచి వెళ్ళిపోయేది.

పోయిన మంగళవారం ఆ టేపుల అమ్మాయి ఫోన్ చేసింది. డ్రమ్స్ వాయించింది మీరేనా అండీ, మీకొక చిత్రం చెప్పాలి అంది. కరెంటు మీద నడిచే యాంప్లిఫయర్లు పాట లేనప్పుడు సన్నగా గుయ్యిమంటాయి కదా, ఆ గుయ్యిమనే మోత ఎక్కడైనా ఒకే శృతిలో ఉంటుందట, ఎవరు వాయించినా మారదట, మన క్యాసెట్లో పాటకీ పాటకీ మధ్య ఆ మోత వినిపిస్తోంది గానీ ఉండాల్సినదానికంటే పైశృతిలో ఉందట. అంటే, అంది. అంటే ఏమిటమ్మా అన్నాను, నా చెయ్యి అప్పటికే గోడ పట్టుకుంది. అంటే రికార్డు చేస్తున్నప్పుడు మీ టేప్‌రికార్డరు నీరసంగా తిరిగింది, అలాంటి టేపుని మంచి మిషన్‌లో వేస్తే అన్నీ ముందుకు ఉరుకుతాయి, డ్రమ్సూ గిటారూ గొంతూ అన్నీ, నూటికి ఆరు పాళ్ళు, మీరు తొందరపడి ఉంటే వేగం ఒక్కటే పెరిగేది, కరెంటు మోత పెరగదు కదండీ, మీరు దెబ్బ తప్పలేదు, కొలిచి చూశాను, చివరిదాకా ఒకటే నడక. ఒకటే నడక. ఆ మాట ఇంకోసారి చెప్పమ్మా అన్నాను, చెప్పింది, మళ్ళీ చెప్పమంటే ఏం బాగుంటుందని ఊరుకున్నాను. బ్యాటరీల మీద గానీ చేశారా, అవి అయిపోవచ్చాయేమో అని అడిగింది. బ్యాటరీల మీదే, షెడ్డులో ఉన్న ఒక్క ప్లగ్గునీ యాంప్లిఫయర్లే మింగేసేవి, కానీ బ్యాటరీలు కొత్తవే, అన్నయ్య ఆ పొద్దునే కొన్నాడు అన్నాను. అయితే మిషనే పాతదై ఉంటుంది లెండి, మిగతావాళ్ళకి కూడా చెప్పనా అంది. వద్దు తల్లీ, నేనే చెప్తాను, ఎదురుగా నిలబడి చెప్తాను అన్నాను. ఆ రోజు మా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని బజారుకి తీసుకెళ్తూ ముందున్న కారుని దాటాను, ఆయన సీటు పట్టుకుని ఒంట్లో బాగానే ఉందా అన్నాడు.

అప్పట్నుంచీ ఇదే పని, ఎలా మొదలుపెట్టాలి, ముందు చెప్పాలా, వాయించాక చెప్పాలా, మూగనోము ఉండగా చెప్పాలా, అందరి ముందూ అన్నాడు కాబట్టి అందరి ముందే చెప్పాలి, అన్నయ్యా నువ్వు నలభై ఏళ్ళ కింద ఒక మాటన్నావు గుర్తుందా అని నెమ్మదిగా ఎత్తుకోవాలి, స్నానం చేస్తూ రిహార్సలు, కూర తరుగుతూ రిహార్సలు, అన్నయ్య ముఖం వాడిపోవడం, నేను పోనీలే అన్నయ్యా అనడం, ఆ పోనీలే అనే మాటని ఎన్ని రకాలుగా అనొచ్చో అన్ని రకాలూ అని చూశాను. ఇప్పుడు కారులో కూడా అదే, పోనీలే అన్నయ్యా, పోనీలే. ఎదురు వరసలో తాళాలు చేసే కొట్టు ఉంది, గుమ్మానికి గుత్తులు గుత్తులుగా తాళంచెవులు, ఒకాయన గేటు రిమోటు పనిచేయడం లేదని తెచ్చినట్టున్నాడు, కొట్టతను వెనక మూత తీసి, రెండు బ్యాటరీలు బయటికి దొర్లించి, కొత్తవి రెండు తీసి, ఒకదాన్ని బొటనవేలితో స్ప్రింగు మీద నొక్కి లోపలికి పెట్టాడు, టిక్. రోడ్డుకి ఇటువైపున్న నాకు వినపడే చప్పుడు కాదది, అయినా వినపడింది, నా బొటనవేలికి వినపడింది. స్ప్రింగు గట్టిది, వేలు నొప్పెట్టింది, పెద్ద బ్యాటరీలు కదా, వెండిరంగు టేప్‌రికార్డరు, మూగనోము వాళ్ళ మేనమామది, పట్టుకోవడానికి పిడి ఉండేది, వెనక మూత కింద ఆరు బ్యాటరీలు, అందులో రెండు. రెండు ఎందుకు తీశాను. పుల్ల. నా డ్రమ్ము పుల్ల చేజారి రెండు పరుపుల మధ్యకి పోయింది, లోపల చీకటి, నాన్న టార్చిలైటు తెచ్చాను, అది మిణుకుమిణుకుమంటోంది, టార్చికి పట్టేవీ అవే సైజు కదా అని టేప్‌రికార్డరులోంచి రెండు తీసి టార్చిలో వేశాను, టార్చిలోవి పారేయకుండా, ఎప్పుడూ ఏదీ పారేయని ఇల్లు మాది, వాటిని టేప్‌రికార్డరులో పెట్టాను, ఐదు నిమిషాలేగా, పుల్ల దొరకగానే మార్చేద్దామని. పుల్ల దొరికింది. పరుపుల మధ్యనుంచి దూది పట్టిన తలతో బయటికొచ్చాను, అన్నయ్య రా రా పాట చల్లారిపోతోంది అని కేకేశాడు, పరిగెత్తాను. దేవుడా. ఆ రోజు నేను పరిగెత్తింది అప్పుడొక్కసారే.

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. కొట్టతను రిమోటు నొక్కి చూపిస్తున్నాడు, ఎర్రలైటు వెలిగింది కాబోలు, ఇద్దరూ నవ్వుకుంటున్నారు, నాకు ఆ కొట్టతని మీద ఇంత కోపం వచ్చింది, నీకు ఇవాళే దొరికిందిటయ్యా, ఒక్క గంట ఆగి మారిస్తే నీ సొమ్మేం పోయేది. అంతలోనే నవ్వొచ్చింది, నలభై ఏళ్ళు గుర్తురానిది ఒక్క టిక్కుతో వచ్చిందంటే అది ఎక్కడికీ పోలేదన్నమాట, నాతోపాటే బస్సెక్కి దిగుతూ ఉందన్నమాట. సరే, ఏం చేయాలి. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది, మిషను పాతదై ఉంటుందని ఆ అమ్మాయే అంది, నేను అనలేదు, చచ్చి స్వర్గాన ఉన్న మూగనోము మేనమామ వచ్చి సాక్ష్యం చెప్తాడా. సగం చెప్తే చాలు, కరెంటు మోత సంగతి, నూటికి ఆరు పాళ్ళ సంగతి, ఒకటే నడక సంగతి, ఆ సగంలో ఒక్క అబద్ధం కూడా లేదు. బ్యాటరీల సంగతి చెప్తే మాత్రం పోనీలే అనే మాట నా చేతిలోంచి జారి అన్నయ్య చేతిలో పడుతుంది, నలభై ఏళ్ళు నేను దాచుకున్న మాట, ఆయన దాన్ని ఎలా అంటాడో కూడా నాకు తెలుసు, ముక్కు ఎగబీల్చి అంటాడు. చెప్పను. చెప్పనంటే చెప్పను. కానీ ఆ అమ్మాయి నా నడక కొలిచి నిజం చెప్పింది కదా, ఆ నిజం విని నాకు ప్రాణం లేచొచ్చింది కదా, మళ్ళీ దాని పక్కనే ఇంకోటి దాచిపెట్టుకుని కూర్చుంటే ఈ చేతులు వాయిస్తాయా, మళ్ళీ ప్రతి దెబ్బకీ ముందు ఆలోచించుకోవడమే కదా. నాకు వాయించాలని ఉంది. ఆ లిఫ్టు పాట, ఆ ఒక్క చుట్టు, దానికోసమే వచ్చాను, క్షమాపణల కోసం కాదు, అబ్బో ఎంత పెద్దమనిషినో, క్షమాపణల కోసం కూడా వచ్చాను.

అద్దం మీద టకటకమని కొట్టారు. అన్నయ్య. వీపున గిటారు సంచి, చెవుల్లోంచి తెల్లటి వెంట్రుకలు, మూడూ నలభై అయింది. అవతలి తలుపు తీసుకుని సంచి వెనక సీట్లో పడేసి, కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఎంతసేపయింది వచ్చి?"

"ఇప్పుడే."

"నేను మూడున్నర నుంచీ ఆ మూల నిలబడ్డాను. నిన్ను చూసి రావడానికి కాళ్ళాడలేదు." గొంతు సవరించుకున్నాడు. "నువ్వేమీ అనకు, ముందు నన్ను చెప్పనీ. పొద్దుటినుంచీ ఆ పాట పదిసార్లు విన్నానే. ఆ రోజు షాపులో నిన్ను నానా మాటలూ అన్నాను. తప్పు. నువ్వు పరిగెత్తబట్టే ఆ పాట బతికింది. నేను చెప్పినట్టు నిదానంగా వాయించి ఉంటే ఇవాళ దాన్ని పలకరించే నాథుడు ఉండేవాడు కాదు. గొప్పగా వాయించిన పిల్లని పట్టుకుని నిలబడి నీళ్ళు తాగమన్నాను. క్షమించమ్మా."

నేను అన్నిటికీ సిద్ధపడి వచ్చాను, దీనికి తప్ప. అమ్మా అన్నాడు, నన్ను చిన్నప్పుడు జ్వరమొస్తే అనేవాడు. కళ్ళు చెమర్చాయి, నా కళ్ళూ ఆయన కళ్ళూ, ఇద్దరం ఎదురుగా ఉన్న తాళాల కొట్టు వైపే చూస్తున్నాం. ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, మోత సంగతి చెప్పక్కర్లేదు, బ్యాటరీల సంగతి అసలే చెప్పక్కర్లేదు, పరిగెత్తి పాటని బతికించిన పిల్లగా మిగిలిపోతాను, లోకమంతా ఒప్పుకుంటోంది, ఆయన కూడా ఒప్పుకున్నాడు. కానీ నేను పరిగెత్తలేదు. ఆ ఆదివారం నేను నిలకడగా, తప్పు లేకుండా, నా జన్మలో ఎప్పుడూ వాయించనంత బాగా వాయించాను. అది నాది. అది నాకు కావాలి.

"అన్నయ్యా, నేను పరిగెత్తలేదు."

"ఇంకా అదే పట్టా! ఇప్పుడు మెచ్చుకుంటున్నాను కదే!"

చెప్పేశాను. మోత, శృతి, ఆరు పాళ్ళు, ఒకటే నడక, ఆగితే మళ్ళీ మనసు మారుతుందేమోనని ఆగకుండా పుల్ల, పరుపులు, టార్చిలైటు, రెండు బ్యాటరీలు, అన్నీ ఒక్క ఊపిరిలో. అన్నయ్య నోరు తెరుచుకుని విన్నాడు.

"అంటే నువ్వు సరిగ్గానే వాయించావు."

"సరిగ్గానే వాయించాను."

"నేను సరిగ్గానే పాడాను."

"నువ్వూ సరిగ్గానే పాడావు."

"కొత్త బ్యాటరీలే అవి!" అని అరిచాడు. "ఆ పొద్దున్నే కొన్నవే! టార్చిలో వేస్తావటే ఎవరైనా!"

ఆ అరుపుకి తాళాల కొట్టతను తలెత్తి చూశాడు. నేను పక్కున నవ్వాను, ఆయన మూతి బిగించుకుని చూశాడు, బిగించడం చేతకాక ఆయనా నవ్వాడు, నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది, వీపు మీద రెండు చరిచాను, నలభై ఏళ్ళు నువ్వు పరిగెత్తావని బాధపడ్డాను, ఇప్పుడు పరిగెత్తలేదని బాధపడాలా అంటాడు, మళ్ళీ నవ్వుతాడు, మళ్ళీ దగ్గుతాడు. తేరుకున్నాక కళ్ళు తుడుచుకుని, ఉన్నట్టుండి గాభరా పడ్డాడు.

"ఉండు ఉండు. అయితే శనివారం జనం వినాలని వచ్చే వేగంలో మనం ఎప్పుడూ వాయించనే లేదన్నమాట. ఒక్కసారి కూడా."

"ఒక్కసారి కూడా లేదు."

"నా గొంతు అంత పైకి పోదే. నీ మోకాళ్ళు చూస్తే అలా ఉన్నాయి. ఎలా మరి?"

వెనక సీట్లోంచి నా పుల్లలు తీసుకున్నాను.

"ఇవాళ నిజంగా పరిగెత్తుతాను అన్నయ్యా," అన్నాను. "అందుకుంటావో మానుకుంటావో నీ ఇష్టం."

కారు దిగి, ఆయన కోసం ఆగకుండా రోడ్డు దాటేశాను.